ప్రాగ్ జాతీయ నాటకశాల: ఆ డబ్బు ఎవరిది?
చెక్ రాజధాని ప్రాగ్‌లోని జాతీయ నాటకశాల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, అది కేవలం సామాన్యుల చందాలతోనే లేచిందని రాశారు; ఆ వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. చెక్ ప్రజలు ఊరూరా డబ్బు పోగుచేసిన మాట నిజమే గానీ, దాతల్లో సంపన్న ప్రభువులూ, అప్పట్లో చెక్ నేలను ఏలిన ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ సాక్షాత్తూ ఉన్నారు. అయినా అది ప్రజల కట్టడమే అనడానికి 1868 నాటి శంకుస్థాపన ఉత్సవం కంటే 1881 నాటి అగ్నిప్రమాదమే నాకు గట్టి ఆధారంగా కనిపిస్తుంది. జూన్ 11న చెక్ స్వరకర్త స్మెతనా సంగీతరూపకం ‘లిబుషె’తో తెర లేచిన ఆ భవనం, పనులింకా మిగిలి ఉండగానే ఆగస్టు 12న అంటుకొని, రాగి గోపురం, ప్రేక్షకుల మందిరం, రంగస్థలం బూడిదైపోతే, కేవలం 47 రోజుల్లో సుమారు పది లక్షల గుల్డెన్ల (నాటి ఆస్ట్రియా నాణేలు) విరాళాలు వచ్చిపడ్డాయి. మొదటి వాస్తుశిల్పి జీతెక్ తప్పుకున్నాక ఆయన సహచరుడు షుల్ట్స్ పని ముగించగా, 1883 నవంబరు 18న మళ్లీ ‘లిబుషె’తోనే తలుపులు తెరుచుకున్నాయి. వేదిక పైన బంగారు అక్షరాల్లో ‘జాతి తనకు తానే’ అన్న అర్థమిచ్చే రెండు చెక్ మాటలు నేటికీ ఉన్నాయి. నేను అక్కడికి వెళ్లినప్పుడు వాటికన్నా నన్ను కదిలించినవి నేలమాళిగలోని పునాదిరాళ్లు. ర్జీప్ కొండ మొదలుకొని దేశం నలుమూలల నుంచి ఒక్కొక్క చోటివారు తమ నేల గుర్తుగా పంపిన ఆ రాళ్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఇంత వివరంగా రాసిన వ్యాసంలో వాటి ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు వెలితిగా తోచింది.