అంకె పక్కన నక్కిన స్టార్ గుర్తు గారికి

మహారాజశ్రీ స్టార్ గుర్తు గారి సముఖమునకు, ఒక వినియోగదారుడు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి ఆ మాట కొట్టేస్తున్నాను.

మధ్యాహ్నమంతా కాచుకు కూర్చోబెట్టి, చీకటి పడే వేళకు వచ్చిన టెక్నీషియన్ వాషింగ్ మెషీన్ వెనక మూత విప్పి, లోపలికి ఓ చూపు చూసి, "బోర్డు పోయిందండీ, వారంటీలో రాదు" అన్నాడు. పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో '10 ఏళ్ల వారంటీ' అని ఉంది కదా అంటే, వేలు పెట్టి మిమ్మల్ని చూపించాడు. సున్నా భుజం మీద దోమ వాలినట్టు ఉన్నారు. మీ వెంటపడి వెతుక్కుంటూ వెళ్తే, పెట్టె అడుగున బార్‌కోడ్ పక్కన దొరికింది అసలు సంగతి: పదేళ్లూ మోటారుకు మాత్రమే, మిగతా భాగాలకు రెండేళ్లు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు అసలే లేదు, మనిషి వచ్చి చూసినందుకు చార్జీ వేరే.

మోటారుకట! తలుపు రబ్బరు చిరుగుతుంది, నీళ్లు బయటికి తోసే పంపు మొరాయిస్తుంది, కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు మాడుతుంది. వీటన్నిటి మధ్య గుట్టుగా కాపురం చేసుకునే మోటారును వెతికి పట్టుకుని, దానికి పదేళ్లు రాసిచ్చారు. మెషీన్ మూలన పడి ఉన్నా మోటారు హక్కులకు మాత్రం భంగం రాదన్నమాట. ఎంత దయ అండీ మీది!

మీ వంశం చిన్నదేమీ కాదని తెలుసు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టార్కస్ అనే పండితుడు గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో తప్పొప్పులు సరిచూస్తూ, కొన్ని పంక్తుల పక్కన మిమ్మల్ని కూర్చోబెట్టాడు. పాఠకుణ్ణి ఆపి 'ఇక్కడ కాస్త చూడు' అనడమే అప్పట్లో మీ ఉద్యోగం. ఇప్పుడు మీకు జీతమిచ్చేవాళ్లకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

మీరు లేని ప్రకటనకు ఏం జరిగిందో కూడా తెలుసు. లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ అనే కంపెనీ, మా పరికరాన్ని చెప్పినట్టు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ప్రకటన వేసింది. కార్లిల్ అనే ఆవిడ నమ్మి వాడింది, జబ్బు పడింది, డబ్బు అడిగింది. అదంతా ఉత్త ప్రచారమండీ, నిజమనుకుంటారా అని కంపెనీ వాదిస్తే, 1892లో అప్పీలు కోర్టు 'ఇస్తానన్నావు, ఇవ్వు' అంది. పాపం, ఆ కంపెనీకి మీరు పరిచయం కాలేదు. 100 పక్కన ఒక్క స్టార్ పడి ఉంటే ఆవిడ పని అయిపోయేది.

సరే, మర్యాద ఇక చాలు. నువ్వు వాలని చోటేది? 'అన్‌లిమిటెడ్' డేటా పక్కన నువ్వే. నెల రోజులు 'ఉచితం' అని కార్డు నంబరు తీసుకుని, ముప్పై ఒకటో రోజున చెప్పాపెట్టకుండా ఏడాది చందా లాగేసే చోటా నువ్వే. వస్తువు వాడకుండానే ఐదేసి స్టార్లు గుమ్మరించే కిరాయి రివ్యూలూ నీ చుట్టాలే. చివరికి దొంగలకూ సాయం పడుతున్నావు. కొరియర్ వాళ్లమంటూ ఫోన్ చేసి, 'స్టార్ 21 స్టార్ కొట్టి ఈ నంబరు డయల్ చేయండి' అంటారు. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. నొక్కిన క్షణం నుంచి మన ఫోన్లు వాళ్లకు మోగుతాయి, బ్యాంకు ఫోన్‌లో చదివి చెప్పే ఓటీపీతో సహా. అలా నొక్కేసినవాళ్లు చాలా నెట్‌వర్కుల్లో ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. చూశావా, అక్కడ ఆదుకోవడానికి హ్యాష్ వచ్చింది గానీ నువ్వు రాలేదు. పాస్‌వర్డ్ కొడుతుంటే పక్కవాడికి కనబడకుండా అడ్డు నిలబడతావే, ఆ ఒక్క పనికి మాత్రం నీకు దండం పెడతాను.

ఇక నా లెక్క విను. ఇకమీదట ఏది కొన్నా అంకె చూడను, నిన్నే ముందు చదువుతాను. 'అన్నీ కవర్ అవుతాయండీ' అని సేల్స్ కుర్రాడు నోటితో అంటే సరిపోదు. ఏ భాగానికి ఎన్నేళ్లో, లేబరు, విజిట్ చార్జీ ఎవరిదో బిల్లు మీద రాయిస్తాను. రాయనంటే పక్క షాపుకు పోతాను. ఆన్‌లైన్‌లో అయితే డబ్బు కట్టే ముందే ఆ పేజీని నీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను, రేపు ఆ పేజీ మారిపోవచ్చు గనక. కస్టమర్ కేర్ నంబరు వారంటీ కార్డు మీదదే వాడతాను. నెట్‌లో వెతికితే పైన తేలే నంబరు ఎవడిదో దేవుడికెరుక. వాడు 'ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ చూసి సరిచేస్తాం' అంటాడు, సరిచేసేది మన ఖాతాని. ఫిర్యాదు ఫోన్‌లో చెప్పినా మెయిల్ కూడా పెట్టి నంబరు తీసుకుంటాను. డబ్బిచ్చి బోర్డు మార్పించుకుంటే పాత బోర్డు నా చేతిలో పెట్టాలి, జాబ్ షీట్ మీద కొత్తదాని నంబరు రాయాలి. ఈ మాట ఇందాక టెక్నీషియన్‌తో అన్నాను. దాంతో పోయిన బోర్డు కాస్తా 'ఒకసారి రిపేరు చేసి చూద్దామండీ' అయింది.

అతను గేటు దాటకముందే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మా సేవ ఎలా ఉందో చెప్పండి అని. తెరిస్తే అయిదుగురు వరుసగా నిలబడి ఉన్నారు. సున్నా ఇద్దామంటే వీల్లేదు. కనీసం ఒక స్టార్ నొక్కితే తప్ప ఫిర్యాదు రాసే పెట్టె తెరుచుకోదట.

నొక్కాను. దిగమింగు.