ఎర్ర నక్షత్రం ఉన్నా కమ్యూనిస్టులకు గిట్టని క్లబ్

2021 జనవరిలో క్రిస్టియానో రొనాల్డో 760వ గోల్ కొట్టినప్పుడు మన దగ్గర చాలామంది పాతతరం గోల్స్ వీరుడు జోసెఫ్ బికాన్ పేరు మొదటిసారి విన్నారు. అత్యధిక గోల్స్ రికార్డు ఎవరిదన్న గొడవ రెండు రోజులు నడిచింది, తర్వాత అందరూ మర్చిపోయారు. ఆ బికాన్ ఆడిన చెక్ ఫుట్‌బాల్ క్లబ్ స్లావియా ప్రాగ్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

1892లో ప్రాగ్ విద్యార్థులు సైకిల్ క్లబ్‌గా మొదలుపెట్టింది ఇది. సాహిత్యం, ఉపన్యాసాలు, చెక్ జాతీయ భావం, అన్నీ కలిసిన కుర్రాళ్ల గుంపు. ఆస్ట్రియా ఏలుబడిలో అలాంటి సంఘాలను అధికారులు ఊరికే వదలరు కదా, మూసేశారు. 1895లో స్పోర్ట్స్ క్లబ్‌గా మళ్లీ తెరిచి, ఏడాది తిరిగేసరికి ఫుట్‌బాల్‌లోకి దిగారు. జెర్సీ సగం ఎరుపు, సగం తెలుపు, తెల్ల భాగం మీద కొన కిందికి తిరిగిన ఎర్ర నక్షత్రం. రెండు రంగుల గుడ్డ ముక్కలు కలిపి కుట్టినవి కాబట్టి ఆటగాళ్లకు ‘సెషీవానీ’ అని పేరొచ్చింది, అంటే కుట్టుబట్టలోళ్లు. గ్లాస్గో క్లబ్ సెల్టిక్‌కు ఆడిన జాన్ మాడెన్ అనే స్కాట్లాండ్ మనిషి 1905లో కోచ్‌గా వచ్చి పాతికేళ్లు ఉండిపోయాడు, చివరికి ప్రాగ్‌లోనే కన్నుమూశాడు. 1938లో అప్పటి పెద్ద యూరప్ టోర్నీ మిట్రోపా కప్ గెలిచారు, అందులో బికాన్ గోల్స్‌దే పెద్ద వాటా.

1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. జెర్సీ మీద ఎర్ర నక్షత్రం ఉన్నా, వాళ్ల దృష్టిలో ఇది చదువుకున్న మధ్యతరగతి వాళ్ల క్లబ్. పేరు మార్చారు, మళ్లీ మార్చారు, చివరికి సోవియట్ క్లబ్బుల తరహాలో ‘డైనమో’ అనే ముద్ర మిగిల్చారు. స్లావియా అన్న పేరు తిరిగొచ్చింది 1965లో. ప్రాగ్‌లోని లెత్నా కొండ మీది పాత గ్రౌండ్ వదిలి వర్షోవిత్సే పేటలోని ఎడెన్ గ్రౌండ్‌కు పోవాల్సి వచ్చింది, లెత్నా మీద 1955లో స్టాలిన్ విగ్రహం లేచింది. పార్టీలో చేరనన్న బికాన్ తర్వాతి రోజుల్లో కూలి పని చేసుకుని బతికాడు. 1947లో గెలిచిన లీగ్ టైటిల్ తర్వాత ఇంకోటి 1996లో గానీ దక్కలేదు, అంటే 49 ఏళ్లు. అదే ఏడాది యూరప్ క్లబ్బుల టోర్నీ యూఈఎఫ్ఏ కప్‌లో ఇటలీ క్లబ్ రోమాను బయటికి పంపి సెమీఫైనల్ దాకా వెళ్లారు, ఆ వేసవిలో యూరో ఫైనల్ ఆడిన చెక్ జట్టులో పోబోర్‌స్కీ, ష్మిత్సెర్ వీళ్ల కుర్రాళ్లే.

‘మమ్మల్ని తొక్కేశారు’ అన్న మాట అందుకే స్లావియా అభిమానుల రక్తంలో ఉంది, ఒకప్పుడు అది నిజం కూడా. నా అభ్యంతరమల్లా ఆ మాట ఇంకా అనడం మీదే. 2015లో అప్పుల్లో మునిగిన క్లబ్‌ను చైనా కంపెనీ సీఈఎఫ్‌సీ కొంది. దాని అధినేత యే జియాన్‌మింగ్ అప్పటి చెక్ అధ్యక్షుడు జెమాన్‌కు సలహాదారు కూడా. 2018లో యే చైనాలో విచారణలో ఇరుక్కున్నాక క్లబ్ చైనా ప్రభుత్వ సంస్థ సిటిక్ చేతికి, అక్కణ్నుంచి సినోబో గ్రూప్‌కు వెళ్లింది. ఒక కమ్యూనిస్టు ప్రభుత్వం పేరు లాక్కున్న క్లబ్‌ను ఇంకో కమ్యూనిస్టు ప్రభుత్వపు డబ్బు ఆదుకుంది! స్టాండ్స్‌లో కొందరు గొణిగారేమో గానీ టైటిల్స్ వస్తుంటే ఎవరికి పడుతుంది? 2019, 2020, 2021 వరసగా మూడు లీగులు, మూడోది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా. కోచ్ ట్రపిషోవ్‌స్కీ పరుగే ఊపిరిగా తయారుచేసిన జట్టు 2019 నవంబర్‌లో బార్సిలోనాను వాళ్ల క్యాంప్ నౌలోనే 0-0తో ఆపింది. అందులో డబ్బు ఎంతో కోచింగ్ కూడా అంతే, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే.

2021 మార్చిలో గ్లాస్గోలో అక్కడి క్లబ్ రేంజర్స్ మీద గెలిచిన రాత్రి ఆ పాత మాట ఎంత చెడ్డగా వాడొచ్చో తెలిసింది. స్లావియా డిఫెండర్ కూడెలా తనను జాతి పేరుతో దూషించాడని రేంజర్స్ ఆటగాడు గ్లెన్ కమారా ఆరోపించాడు, కూడెలా కాదన్నాడు, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ విచారించి కూడెలాకు పది మ్యాచ్‌ల నిషేధం వేసింది. క్లబ్ మాత్రం దెబ్బ తిన్నది మేమే అన్నట్టు మాట్లాడింది. డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లే దారిలో కమారా చేతిలో కూడెలా దెబ్బ తిన్న మాట నిజమే, అందుకు కమారాకూ మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. అయినా కూడెలా దూషించాడా అన్న మొదటి ప్రశ్నకు అది జవాబు కాదుగా.

2023 చివర్లో బొగ్గు, కరెంటు వ్యాపారాల కుబేరుడు పావెల్ టికాచ్ క్లబ్‌ను కొన్నాడు, 2025లో మళ్లీ టైటిల్ వచ్చింది. దేశంలో ధనబలం ఉన్న క్లబ్బుల్లో ఇదొకటి ఇప్పుడు. నిజంగా గతిలేని స్థితి నుంచి లేచిన క్లబ్ చూడాలంటే అదే వర్షోవిత్సేలో, అదే రోడ్డు మీద బొహీమియన్స్ ఉంది. 2005లో దివాలా తీస్తే దాన్ని బతికించింది కుబేరులు కాదు, చందాలు వేసుకున్న అభిమానులు.