ఆరు రెట్ల మూలధనం ఎవరిని ఆపుతుంది?

జపాన్‌లో బిజినెస్ మేనేజర్ వీసాపై సొంత వ్యాపారం చేసుకుంటున్న విదేశీయులు 2028 అక్టోబరు 16 అనే తేదీని గుర్తుపెట్టుకుని బతుకుతున్నారు. ఆ రోజు దాటాక వీసా రెన్యువల్‌కు వెళ్తే, వారి కంపెనీ మూలధనం 3 కోట్ల యెన్‌లు ఉందా అని ఇమిగ్రేషన్ అధికారి అడుగుతారు. 2025 అక్టోబరు 16న నిబంధనలు మారకముందు 50 లక్షల యెన్‌లు ఉంటే సరిపోయేది. ఒకేసారి ఆరు రెట్లు పెంచేశారు. కొత్తగా వచ్చేవారికి ఎలాంటి షరతు పెట్టాలన్నది పూర్తిగా జపాన్ ఇష్టం, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. పాత షరతులను నమ్మి వెళ్లి, ఏళ్ల తరబడి పన్నులు కడుతున్నవారికి కూడా అదే కొలత పెట్టడం మాత్రం అన్యాయమని మేం భావిస్తున్నాం.

జపాన్ ప్రభుత్వ ఆందోళనకు కారణం లేకపోలేదు. కాగితం మీద కంపెనీ పెట్టి, బ్యాంకులో 50 లక్షల యెన్‌లు చూపించి, వ్యాపారమేమీ లేకుండానే కుటుంబంతో స్థిరపడినవారు ఉన్నారు. అలాంటివారిని ఏరివేయాల్సిందే. కానీ 2024 చివరికి ఈ వీసాపై ఉన్నవారు 41 వేలకు పైగా ఉంటే, వారిలో 3 కోట్ల యెన్‌ల మూలధనం ఉన్నవారు దాదాపు 4 శాతమేనని అధికారిక లెక్కలే చెబుతున్నాయి. మిగతా 96 శాతం మంది బోగస్ వ్యాపారులని జపాన్ ప్రభుత్వం కూడా అనదు. అలాంటప్పుడు అందరినీ ఒకే గాటన కట్టడం ఎందుకు?

ఆ 96 శాతంలో ఉన్నవారిని ఒకసారి చూడండి. భారత్, నేపాల్‌ల నుంచి పదేళ్ల వంట అనుభవం చూపించి, నైపుణ్య వీసాపై జపాన్‌కు వెళ్లిన వంటవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరి దగ్గర కొన్నేళ్లు పనిచేసి, పైసా పైసా కూడబెట్టి, సొంతంగా చిన్న రెస్టారెంట్ తెరిచినవారు వాళ్లలోనే ఉన్నారు. ఇరవై కుర్చీల రెస్టారెంట్‌కు 3 కోట్ల మూలధనం ఏనాడూ అవసరపడదు. కొత్త నిబంధన ఒక పూర్తికాలపు ఉద్యోగి కూడా ఉండాలంటోంది. అతను జపనీయుడో, శాశ్వత నివాసం ఉన్నవాడో, వారి జీవిత భాగస్వామి లాంటివాడో అయితేనే లెక్కలోకి వస్తాడు. వంటగదిలో వర్క్ వీసాపై ముగ్గురు వంటవాళ్లు పనిచేస్తున్నా, ఈ షరతు కింద వారి లెక్క సున్నా. యజమాని వీసా పోతే ఆ ముగ్గురికీ పని పోతుంది, డిపెండెంట్ వీసాపై ఉన్న భార్యాపిల్లలకూ అక్కడ నిలువ నీడ ఉండదు.

ఎలాగోలా అప్పు తెచ్చి మూలధనం పెంచుకుందామన్నా ఖర్చు అక్కడితో ఆగదు. 50 లక్షల నుంచి 3 కోట్లకు పెంచినట్టు రిజిస్టర్ చేయించడానికి 0.7 శాతం చొప్పున లక్షా 75 వేల యెన్‌ల పన్ను కట్టాలి. మూలధనం కోటి యెన్‌లు దాటగానే, కంపెనీ నష్టాల్లో ఉన్నా సరే, స్థానిక సంస్థలకు కట్టే కనీస పన్ను ఏడాదికి 70 వేల నుంచి లక్షా 80 వేల యెన్‌లకు పెరుగుతుంది. ఇవన్నీ చిన్న వ్యాపారి నడ్డి విరిచే లెక్కలే. 3 కోట్లు సులువుగా పెట్టగల ధనవంతుడికి మాత్రం బోగస్ కంపెనీ పెట్టడం ఇప్పటికీ కష్టమేమీ కాదు. ఎవరిని ఆపాలని ఈ షరతు పెట్టారో వారిలో డబ్బున్నవాళ్లు దాటిపోతారు, నిజాయితీగా కష్టపడే చిన్నవాళ్లు ఆగిపోతారు.

నిజానికి బోగస్‌ను పట్టే మార్గాలు అదే నిబంధనల్లో ఉన్నాయి. రెన్యువల్ సమయంలో పన్నులు, సామాజిక బీమా, కార్మిక బీమా కట్టారా లేదా అని చూస్తామన్నారు. సరైన కారణం లేకుండా ఎక్కువకాలం దేశం బయట ఉంటే ఒప్పుకోబోమన్నారు. ఇంటినే ఆఫీసుగా చూపించడాన్ని సూత్రప్రాయంగా నిషేధించారు. ఇవి మంచి షరతులు, వీటిని గట్టిగా అమలుచేయమనే మేం కోరుతున్నాం. ఆస్తులకన్నా అప్పులు ఎక్కువైన కంపెనీ ఎప్పటికి కోలుకుంటుందో అకౌంటెంట్ లాంటి నిపుణుడి చేత అంచనా రాయించి తెమ్మనే పద్ధతి కూడా ముందునుంచీ ఉంది. వ్యాపారం బతికుందా లేదా అన్నది పద్దుల్లో తెలుస్తుంది, మూలధనం అంకెలో తెలియదు. బ్రిటన్ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాలో 50 వేల పౌండ్ల కనీస పెట్టుబడి షరతును తీసేసింది. అక్కడ వ్యాపార ఆలోచనకు ఆమోదం తెలిపిన సంస్థ 12వ నెలలో, 24వ నెలలో వ్యాపారిని కలిసి పని ఎంతవరకు వచ్చిందో చూస్తుంది. అది కూడా తేలిక దారేమీ కాదు, కానీ అక్కడ అడగాల్సిన ప్రశ్నే అడుగుతున్నారు.

గడువు దాటాక కూడా, వ్యాపారం బాగా నడుస్తూ, కార్పొరేట్ పన్ను సక్రమంగా కడుతూ, వచ్చే రెన్యువల్ నాటికి షరతులు అందుకునేలా ఉంటే సమగ్రంగా పరిశీలిస్తామని జపాన్ అంటోంది. ఎంత లాభముంటే బాగా నడిచినట్టు? ఏది చూపిస్తే అందుకునేలా ఉన్నట్టు? ఇది రాసిపెట్టకపోతే ఒక ఆఫీసులో ఒప్పుకున్నది మరో ఆఫీసులో తోసిపుచ్చే ప్రమాదముంది.

వ్యాపారులు కూడా ఈ వ్యవధిని టెన్షన్ పడుతూ గడిపేయకూడదు. వీసా ముగియడానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువులోపు పెడితే, నిర్ణయం వచ్చేదాకా రెండు నెలల వరకు అదనంగా ఉండే వీలుంది. తాను ఒక్కడే జీతం తీసుకునే కంపెనీ అయినా సామాజిక బీమాలో చేరాల్సిందే. దీన్ని వాయిదా వేసినవారు వెంటనే సరిచేసుకోవాలి. వచ్చిన లాభాన్ని కంపెనీలోనే ఉంచి మూలధనంగా మార్చుకోవచ్చేమో లెక్కలు చూసేవారిని అడగాలి. కొత్త నిబంధనల్లో జపనీస్ భాష షరతు కూడా ఉంది. దాన్ని యజమానైనా, పూర్తికాలపు ఉద్యోగి అయినా తీర్చవచ్చు కాబట్టి, జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి దాటిన ఒక మనిషిని పెట్టుకోవడం చాలామందికి అందుబాటులో ఉన్న దారి.

ఢిల్లీ కూడా కలగజేసుకోవాలి. 2025 ఆగస్టులో టోక్యోలో ఇరుదేశాల ప్రధానులు కలిసినప్పుడు, ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఉద్యోగాలకు వెళ్లే నిపుణుల గురించి మాట్లాడుకున్న బల్ల మీదే, టోక్యోలోని నిషి కసాయిలోనూ, కోబే నగరంలోనూ ఇప్పటికే దుకాణాలు నడుపుతున్నవారి సంగతీ ఎత్తాలి. పాత నిబంధనల కింద వచ్చి, పన్నులు, బీమా బాకీ లేకుండా కట్టినవారికి మూలధనం షరతు నుంచి మినహాయింపు కోరాలి. అది కుదరకపోతే, సమగ్ర పరిశీలన అంటే ఏమిటో ఈ ఏడాదే రాతపూర్వకంగా ప్రకటించమనాలి. దుకాణం అద్దె ఒప్పందాన్ని పొడిగించుకోవాలా, బ్యాంకు రుణం తీసుకోవాలా, పిల్లలను ఏ స్కూల్లో చేర్చాలి అన్న నిర్ణయాలు 2028 అక్టోబరు దాకా ఆగవు.