కళ్లజోడుకు వెనిగర్, వంటసోడా: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

బెంగళూరులోని తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. కళ్లజోడు స్ప్రే కొనడం దండగట. అరకప్పు వెనిగర్‌లో రెండు చెంచాల వంటసోడా, కాస్త శానిటైజర్ కలిపి కొట్టి, న్యూస్‌పేపర్‌తో తుడిస్తే చాలట. గీతలుంటే టూత్‌పేస్ట్ రుద్దాలట. స్ప్రే కొనక్కర్లేదన్నది నిజమే. తక్కినదంతా నష్టం తెచ్చేదే.

"వెనిగర్, సోడా కలిస్తే రెట్టింపు బలం." ఉన్న బలమూ పోతుంది. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. ఆ నురగ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకునేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్, అంతే. 5 శాతం వెనిగర్ 100 మి.లీ.లో ఉన్న ఆమ్లం విరగడానికి 7 గ్రాముల సోడా చాలు. చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. అవి ఆరితే లెన్స్ మీద తెల్లపొర. కరగని సోడా పలుకులుంటే గుడ్డ కింద పడి గీస్తాయి కూడా. పోనీ ఉత్త వెనిగర్ వాడితే? బోరు నీళ్ల మరకలు కరుగుతాయి గానీ ముఖం జిడ్డు వదలదు. పైగా కోటింగ్ ఉన్న లెన్స్‌కు వెనిగర్ మంచిది కాదు.

"శానిటైజర్ ఉంటే క్రిములూ పోతాయి." జెల్ చిక్కగా ఉండటానికి వేసేవి, చేతులు పొడిబారకుండా కలిపే గ్లిజరిన్ లాంటివి ఆల్కహాల్ ఆరిపోయాక లెన్స్ మీదే ఉండిపోతాయి. మసక అందుకే. గాఢమైన ఆల్కహాల్ పదేపదే తగిలితే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫ్రేములు తెల్లబారతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికైతే అసలు పోవద్దు.

న్యూస్‌పేపర్ కిటికీ అద్దాలకు సరే, ఇక్కడ వద్దు.

"టూత్‌పేస్ట్‌తో గీతలు మాయం." గీత అంటే అక్కడ పదార్థం లేచిపోయిందని. పేస్ట్ దాన్ని పూడ్చదు, అందులోని సిలికా, సుద్దపొడి చుట్టుపక్కల కూడా అరగదీస్తాయి. ఇప్పటి లెన్సులు చాలావరకు గాజు కాదు, ప్లాస్టిక్. పైన కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గట్టి పూత, దాని మీద మెరుపు తగ్గించే పొరలు. లైటు కింద ఆకుపచ్చగానో నీలంగానో మెరిసేది అదే. ఆ పొరలన్నీ కలిపినా ఒక్క మైక్రాన్ ఉండవు. పేస్ట్ రుద్దిన చోట అవి లేచిపోతే, రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎదురు హెడ్‌లైట్లన్నీ ఆ మచ్చలో చెదిరిపోతాయి.

మరి చేయాల్సిందేమిటి? ముందు కుళాయి కింద పెట్టండి, వేడి నీళ్లు కాదు, మామూలువి. ఈ దశ వదిలేసి చొక్కా అంచుతోనో చీర కొంగుతోనో పొడిగా తుడవడం పేస్ట్ తర్వాత అంత చెడ్డ అలవాటు, ఎందుకంటే దుమ్ములోని ఇసుకరేణువులు ప్లాస్టిక్ కంటే ఎంతో గట్టివి. తర్వాత ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ వేసి, వేళ్ల కొసలతో రెండు వైపులా, ముక్కు ప్యాడ్ల మూలల్లోనూ రుద్ది కడగండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు బోరు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో చివరగా అరగ్లాసు ఆర్‌వో నీళ్లు పోయాలి, లేకపోతే సున్నపు చుక్కలు మిగులుతాయి. విదిలించి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. ఆ గుడ్డను సబ్బుతో ఉతకండి. బట్టలు మెత్తబడే ద్రవం తగిలితే జిడ్డు పీల్చదు, పూస్తుంది.

ఆఫీసుకు స్ప్రే కావాలంటే 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌కు 20 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, ఒకే ఒక్క చుక్క లిక్విడ్ వేయండి. రెండు వేస్తే చారలు పడతాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్మే 99 శాతం ఆల్కహాల్‌కు ఈ కొలత. మెడికల్ షాపు 70 శాతమైతే 28 మి.లీ. ఆల్కహాల్‌కు 72 మి.లీ. నీళ్లు. అంటుకునే ద్రవం, పొయ్యి దగ్గర పెట్టకండి. సీసా మీద పేరు రాయండి.

ఎంత కడిగినా సాలెగూడులాంటి సన్న గీతలు కనిపిస్తుంటే అది మురికి కాదు. ఎండలో కారు డాష్‌బోర్డు మీద ఉంచినందుకో, మరుగు నీళ్లలో కడిగినందుకో కోటింగ్ చిట్లింది. లెన్స్ మార్చడమే దారి.