కొండ పచ్చగా ఉంది సరే, ఆ పచ్చదనంలో మనది ఎంత?

నాలుగు వానలు పడితే చాలు, అలిపిరి దగ్గర నిలబడి శేషాచలం ఫోటో తీసి 'ఎంత పచ్చగా ఉందో' అని పెట్టేస్తారు. ఆ పచ్చదనంలో బయటి దేశం నుంచి వచ్చి అడవిని కమ్మేసే లంటానా అనే పిచ్చికంప ఎంత, మన చెట్లు ఎంత అని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

ఎండలు ముదరడం ఒక సమస్య, పిచ్చికంప ఇంకో సమస్య అని మనం వేర్వేరు ఫైళ్ళు పెట్టుకున్నాం. అడవిలో రెండూ కలిసే దెబ్బ కొడతాయి. ఒక ఏడు వాన మొహం చాటేస్తుంది, ఇంకో ఏడు 2021 నవంబర్‌లో లాగా తిరుపతిని ముంచేస్తుంది. నిదానంగా పెరిగే మన మొలకలు దీనికి తట్టుకోలేవు. లంటానాకి ఆ బాధ లేదు, పైన మాడినా వేరు బతికే ఉంటుంది, వాన పడగానే చిగురేస్తుంది, పిట్టలు పండ్లు తిని విత్తనాలు ఊరంతా చల్లుతాయి. ఎండాకాలం నిప్పు పడిందా, ఎండిన ఆ పొదలే మంటని చెట్ల కొమ్మలదాకా ఎక్కిస్తాయి. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడ్డాయి కదా, అలా ఖాళీ అయిన నేలలో ముందు పాగా వేసేది ఎవరు?

ఇంకో బయటి మొక్క సర్కారు తుమ్మ, దానిది ఇంకో విచిత్రం. ఎండు నేలల్లోనూ పెరుగుతుందని మద్రాసు అటవీ అధికారి బెడోమ్ విత్తనాలు తెప్పించమని రాస్తే, 1877లో పక్కనే కడప జిల్లా కమలాపురంలో వేశారు. తిరుపతి, కడప కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని పేరీత చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఆయన పేరే. పేరీత అంతరించే జాబితాలోకి వెళ్ళింది, ఆయన అడిగిన తుమ్మ స్వర్ణముఖి ఇసుకలో నిక్షేపంగా ఉంది. (దాని బొగ్గు మీద బతికే కుటుంబాలున్నాయి, అది కాదనను.)

పలమనేరు వైపు ఏనుగులు పొలాల్లో పడితే తిడతాం. లంటానా కింద గడ్డి మొలవని అడవిలో అవి ఏం తినాలి?

ప్రపంచంలో అంతరించిన జీవుల్లో 60 శాతం విషయంలో బయటి జాతుల చెయ్యి ఉందని, కొన్నిచోట్ల అదొక్కటే కారణమని 2023లో ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద పనిచేసే అంతర్జాతీయ వేదిక) నివేదిక చెప్పింది. మనం మాత్రం ఏటా మొక్కలు నాటుతూ ఫోటోలు దిగుతున్నాం. ముందు లంటానాని పీకండి సార్. పైపైన నరికితే రెట్టింపు చిగురేస్తుంది, వేరుని నేల కింద తెగ్గొట్టి పొదని తలకిందులుగా పడేయాలి, తర్వాత రెండు మూడేళ్ళు మొలకల్ని ఏరాలి, ఆ జాగాలో మన గడ్డి వేయాలి. కొండ పక్క ఊళ్ళవాళ్ళకే కూలి ఇచ్చి చేయించండి. బిల్లు మొదటి ఏడే మొత్తం ఇవ్వకుండా, మూడో ఏడు వెళ్ళి చూసి మిగతాది ఇవ్వండి.