రియాక్టర్ లోపలి లోహానికి ఎంత వయసొచ్చిందో మాకూ చెప్పండి

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు మొత్తం కొట్టుకుపోయింది, ముందు రోజు దాకా ఆ గొలుసు గురించి ఆలోచించినవాళ్లు ఎంతమంది ఉంటారు? 70 ఏళ్ల నాటి డ్యామ్ అది. తర్వాత డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు స్థానంలో అడ్డంగా దింపే ఉక్కు పలకలు, దింపించి నీళ్లు ఆపారు, రాయలసీమ రైతు ఊపిరి పీల్చుకున్నాడు. మనిషి గేటు దాకా వెళ్లగలిగాడు కాబట్టే ఆ పని అయింది. మన ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ ఎన్‌టీటీపీఎస్‌లో బాయిలర్ ట్యూబ్ లీకైనా అంతే, యూనిట్ ఆపుతారు, చల్లారాక లోపలికి దిగి వెల్డింగ్ చేస్తారు, మళ్లీ లైటప్ చేస్తారు. అణు రియాక్టర్ గర్భంలోకి అలా దిగి చూసే వీలు ఎవరికీ లేదు.

ఇప్పుడెందుకు ఈ మాట అంటే, 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం 20,000 కోట్లతో అణుశక్తి మిషన్ ప్రకటించింది, 2033 కల్లా కనీసం 5 చిన్న రియాక్టర్లు, 2047 కల్లా 100 గిగావాట్లు అంది. మన శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్ల ప్లాన్ ఎప్పట్నుంచో ఉండనే ఉంది. కరెంటు కావాలి, బొగ్గు పొగ తగ్గాలి, దానికి మేము అడ్డం కాదు. కానీ చర్చంతా భూసేకరణ, సముద్రం, యురేనియం దగ్గరే తిరుగుతోంది, రియాక్టర్ కట్టే లోహం ఎన్నేళ్లు తట్టుకుంటుంది, అది తట్టుకుంటోందని మనకి ఎవరు చెప్తారు అన్నది ఎవరూ అడగట్లేదు.

ఉక్కులో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఇంధనంలో పరమాణువులు చీలినప్పుడు బయటికొచ్చే న్యూట్రాన్ అనే కణం వచ్చి ఒకదాన్ని కొడితే క్యారమ్ బోర్డు మీద కాయిన్‌లాగా అది ఎగిరి పక్కదాన్ని కొడుతుంది, అది ఇంకోదాన్ని. చాలావరకు మళ్లీ చోటు వెతుక్కుని సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు, వాటి చోట్లు ఖాళీగా మిగిలిపోతాయి, ఆ ఖాళీలు ఒకచోట చేరి చిన్న చిన్న బుడగలవుతాయి, లోహం లోపల్నుంచి ఉబ్బడం మొదలుపెడుతుంది. బ్రిటన్‌లోని డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో (న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిపే రకం) వాడిన స్టీలులో ఇది కనిపించిందని 1967లో బయటపెట్టారు. ఫాస్ట్ రియాక్టర్‌లో ఇంధనం చుట్టూ ఉండే గొట్టంలో ప్రతి పరమాణువూ సగటున పదుల సార్లు చోటు మారుతుంది, అంత జరిగాక కూడా ఆ గొట్టం గొట్టంలాగే నిలబడాలి. మామూలు రియాక్టర్‌లో ఇంధనం ఉండే పెద్ద ఉక్కు పాత్రకి ఇంత దెబ్బ ఉండదు గానీ దాని ఉక్కు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, కొత్తలో వంగేది తర్వాత పగిలే రకంగా మారుతుంది. అందుకే అదే ఉక్కు ముక్కలు కొన్ని పాత్ర లోపలే పెట్టి, కొన్నేళ్లకోసారి ఒకటి బయటికి తీసి సుత్తి దెబ్బకి ఎంత ఓర్చుకుంటుందో కొలుస్తారు. ఈ పద్ధతి మీద మాకు చాలా గౌరవం ఉంది, మేము అడిగేదంతా ఆ కొలత మనకి కనపడాలనే.

మన దేశం అనుభవమే చూడండి. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రపార్ మొదటి యూనిట్‌లో ఒక కూలెంట్ ఛానల్ లీకై ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు. ఛానల్ అంటే ఇంధనం చుట్టూ వేడి భారజలం (బరువైన రకం హైడ్రోజన్ ఉండే నీళ్లు) పారే ట్యూబ్, తీరా చూస్తే తినేసింది ఆ ట్యూబ్ లోపలి వైపు కాదు, బయటి వైపు, చుట్టూ ఉండే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ తగిలే వైపు. చివరికి 306 ఛానళ్లూ మార్చారు, యూనిట్ మళ్లీ నడిచేసరికి 2019 వచ్చింది. కెనడాలోని పికరింగ్‌లో 1983లో ఇంకో రకం, ట్యూబుని ఎత్తిపట్టే స్ప్రింగులు జరిగిపోయి, లోపలి వేడి ట్యూబు దాని చుట్టూ ఉండే చల్లటి ట్యూబుకి ఆనింది, ఆనిన చోట హైడ్రోజన్ పోగై లోహం పొక్కులు కట్టి 2 మీటర్ల పొడవున చీలింది. అమెరికాలో ఒహాయో డేవిస్-బెస్సె అణు ప్లాంట్ సంగతి 2002లో బయటపడింది, సన్న పగులులోంచి కారిన రియాక్టర్ నీళ్లలోని బోరిక్ యాసిడ్ పాత్ర మూతలో 15 సెంటీమీటర్ల ఉక్కుని తినేసి, లోపలి పూత సెంటీమీటర్ కూడా లేనిది, అదొక్కటే ఒత్తిడిని ఆపుతూ మిగిలింది. ఫిల్టర్లకి తుప్పు పొడి ముందే పట్టుకుంటూ వచ్చింది, చూసినవాళ్లున్నారు, దాని అర్థం పట్టించుకున్నవాళ్లు లేరు.

కొత్త టెక్నాలజీలైతే ఇంకా కఠినం. కల్పాక్కం ప్రోటోటైప్ ఫాస్ట్ రియాక్టర్‌లో 500 డిగ్రీలు దాటిన ద్రవ సోడియం తిరుగుతుంది, ఆ వేడిలో స్టీలు బరువుకి మెల్లమెల్లగా సాగుతుంది. జపాన్ మోంజులో 1995 డిసెంబర్‌లో సోడియం ప్రవాహానికి ఊగి ఊగి ఉష్ణోగ్రత కొలిచే ఒక చిన్న గొట్టం విరిగింది, సోడియం కారి మంటలొచ్చాయి, ఆ ప్లాంట్ మళ్లీ సరిగ్గా కోలుకోలేదు, 2016లో మూసేద్దామని నిర్ణయించారు. కరిగిన ఉప్పుతో నడిచే రియాక్టర్ని ఓక్‌రిడ్జ్‌లో 1965 నుంచి 1969 దాకా నడిపారు, అంత కొద్దికాలంలోనే ఇంధనం చీలినప్పుడు పుట్టే టెల్లూరియం, నికెల్ మిశ్రమలోహంలోని రేణువుల అంచుల్లోకి దూరి సన్న పగుళ్లు తెచ్చింది. అయాన్ బీమ్‌తో, అంటే వేగంగా దూసుకొచ్చే విద్యుదావేశ కణాల ధారతో, ఏళ్ల దెబ్బని గంటల్లో కొట్టి చూసే టెస్టులున్నాయి, అవి అవసరమే, కానీ 40 ఏళ్లలో తుప్పు, వేడి, కంపనం, న్యూట్రాన్ కలిసి చేసేది గంటల టెస్టులో అంతా కనపడదు. అందుకే నడిచినన్నాళ్లూ చూస్తూనే ఉండాలి, చూసింది చెప్తూనే ఉండాలి. ఫ్రాన్స్‌లో 2021 చివర సివో ప్లాంట్ పైపుల్లో పగుళ్లు దొరికాయి, 2022లో డజను రియాక్టర్లు దాకా ఆపారు, కరెంటు ఎగుమతి చేసే దేశం ఆ ఏడాది బయట కొనుక్కుంది, ఐనా ఏ పైపులో ఏముందో జనానికి చెప్పారు.

చూసే మనుషులు కూడా కావాలి కదా. ఇంధన ట్యూబులు హైదరాబాద్ ఎన్ఎఫ్‌సీలో (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) మన నేల మీదే తయారవుతున్నాయి, అక్కడి ప్రభుత్వ సంస్థ మిధానీ ప్రత్యేక ఉక్కులు చేస్తోంది, కానీ విజయవాడలో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల మెటలర్జీ తీసుకుంటానంటే ఇంట్లో ఏమంటారో మనందరికీ తెలుసు. ఆ పిల్లకి స్కాలర్‌షిప్పు, కల్పాక్కంలో ట్రైనింగు, తిరిగొచ్చాక మన రాష్ట్రంలోనే పని ఉండేలా ప్రభుత్వం ఇప్పుడే పూనుకోవాలి, 2033 అంటే ఎంతో దూరం లేదు.

కొవ్వాడలో మొదటి కాంక్రీటు పడేలోపే ఒక రాతపూర్వక హామీ ఇవ్వాలని అడుగుతున్నాం. పాత్రలో పెట్టిన ఉక్కు ముక్కల టెస్టు ఫలితాలు, ట్యూబుల తనిఖీలో తేలింది, ఏ పైపు ఎంత పలచబడింది, ఇవన్నీ తీసిన ప్రతిసారీ తెలుగులో, మామూలు మాటల్లో, రణస్థలం మండల ఆఫీసు బోర్డు మీద అంటించాలి.