విరేచనాలప్పుడు నీళ్లు మాన్పించమనే సందేశానికి జవాబు

వారం రోజుల్లో ఐదుగురు మిత్రులు నాకు ఒకే వాట్సాప్ సందేశాన్ని పంపారు. కడుపులో ఇబ్బందికీ ఒంట్లో నీరసానికీ మూలం గ్యాసేననీ, విరేచనాలైతే ఒక రోజంతా నీళ్లు కూడా ముట్టకుండా లంఖణం చేయాలనీ, ఆ తర్వాత కొబ్బరినీళ్లు తప్ప మరేమీ తాగకూడదనీ, రాగి చెంబులో నీళ్లు తాగేవారికి కడుపు జబ్బులే రావనీ, గ్యాస్ మాత్రలు నెలల తరబడి మింగకూడదనీ అందులో ఉంది.

రాగి చెంబు గురించి ఒక్క మాట చాలు. కాలువ నీటిని చెరువుకు పెట్టుకుని తాగే మన ఊళ్లలో, ముఖ్యంగా వరద తీసిన వారాల్లో, నీటిని మరగకాచి చల్లార్చుకోవాలి. చెంబు ఏ లోహానిదైనా సరే.

నన్ను కలవరపెట్టింది నీళ్లు ముట్టవద్దన్న వాక్యం. లంఖణం పరమౌషధమన్న పెద్దలు మాన్పించింది అన్నాన్ని, నీళ్లను కాదు. మనం తాగకపోయినంత మాత్రాన జబ్బుపడిన పేగు నీటిని వదలడం ఆపదు. ఒంట్లో ఉన్న నీటినీ ఉప్పునూ లాగి బయటికి పంపుతూనే ఉంటుంది. మా పక్క వీధిలో ఒక అమ్మమ్మ ఈ సందేశాన్ని నమ్మి రెండేళ్ల మనవరాలికి పొద్దుటినుంచి చుక్క నీరు పట్టలేదు. సాయంత్రానికి పాప కళ్లు గుంటలు పడ్డాయి, మూత్రం ఆగిపోయింది, ఏడ్చినా కన్నీరు రాలేదు. సెలైన్ ఎక్కించాక తేరుకుంది. ఆ అమ్మమ్మ చేసినదంతా ప్రేమతోనే చేసింది. ఈ వాక్యం రాసినవారు ఆ పాప మంచం పక్కన ఒక్క గంట కూర్చుని ఉంటే మళ్లీ దీన్ని రాయగలిగేవారా?

చిన్నపేగులో చక్కెర, ఉప్పు జతగా లోపలికి వెళుతూ నీటిని తమ వెంట తీసుకుపోతాయి, విరేచనాలవుతున్నా ఈ పని సాగుతూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి ఎందరినో బతికించారు. ఇప్పుడు అదే ఓఆర్ఎస్ పొట్లంగా ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. పెద్ద పొట్లం మొత్తాన్నీ లీటరు నీటిలో ఒకేసారి కలిపి 24 గంటల్లోపు వాడాలి. పొట్లం దొరకకపోతే లీటరు కాచిన నీటికి తలకొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. గంజి, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, మెత్తని అన్నం పెద్దవారికి పెట్టవచ్చు. మలంలో రక్తం పడినా, తాగినదంతా వాంతి అవుతున్నా, మగతగా ఉన్నా ఇంట్లో ఉంచకూడదు.

కొబ్బరినీళ్లంటే కోనసీమవాడిగా నాకూ ఇష్టమే. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పోయిన ఉప్పును అవి పూడ్చలేవు, మూత్రపిండాల జబ్బున్నవారికి ఆ పొటాషియమే ముప్పు.

ఇక అన్నిటికీ గ్యాసే మూలమన్న మాట. పొట్ట పైభాగంలో బిగపట్టి, చెమటలు పోసి, ఆయాసం వస్తే అది గుండెపోటు కావచ్చు; సోడా తాగించి త్రేన్పు కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. నెలల తరబడి నీరసముంటే రక్తహీనత ఉందేమో చూడాలి. చెప్పులు లేకుండా పొలాల్లో తిరిగేవారి పాదాల గుండా ప్రవేశించే కొంకి పురుగులు పేగుల్లో రక్తం పీలుస్తాయి. పేగుల జబ్బూ రక్తహీనతకు దారితీయవచ్చు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కుటుంబాన్ని స్ప్రూ వ్యాధి కుదిపేసింది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించే జబ్బు అది. ఆయన నాయకత్వంలో అమెరికా మందుల సంస్థ లెడర్లే పరిశోధకులు 1940లలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ రక్తహీనతకు మందైంది.

గ్యాస్ మాత్రల గురించి, అంటే కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్రల గురించి మాత్రం ఆ సందేశం చెప్పింది సరైనదేనని ఒప్పుకుంటున్నాను. వాటిని ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 సరిగా ఒంటబట్టక నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు వస్తాయి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది. రోజూ ఆ మాత్ర మింగి నీరసపడుతున్న పెద్దలు ఇంట్లో ఉంటే, దాన్ని తమంతట తాము మానేయకుండా, బి12 పరీక్ష అవసరమా అని వైద్యుణ్ణి అడగాలి.